గంగాళంలో మీగడ

గున్నమ్మ వాకిట్లోకి వచ్చేసరికి వర్ధనమ్మ పెరట్లో పొయ్యి మీద మొగుడి సూక్ష్మజీవుల పరీక్షలకి జావ గడ్డకట్టించే చైనాగడ్డిని పాల విరుగుడు తేటలో కరగబెడుతోంది. ఆ వాసనకి పక్కింటివాళ్ళు ఎప్పటిలాగే కిటికీ తలుపులు వేసేసుకున్నారు. వేసుకుంటే వేసుకోనీ అనుకుంది వర్ధనమ్మ. మద్రాసులో సర్కారు ప్రయోగశాల ఉద్యోగం వదులుకుని వచ్చి, నర్సీపట్నంలో 'ప్రైవేటు డిటెక్టివ్' అని మొగుడు బోర్డు కట్టిన రోజునే వీధిలో సగం కిటికీలు మూతపడ్డాయి. నీళ్ళ పరీక్షలో కనిపించిన సూక్ష్మజీవుల్ని రిపోర్టులో రాయవద్దని పైఅధికారి దొర చెబితే, రాసి, సంతకం పెట్టి, రాజీనామా కూడా పక్కనే పెట్టి బయటికి నడిచిన మనిషి సోమసుందరం. అలాంటి మనిషితో కాపురం చేస్తూ కిటికీల గురించి బెంగపెట్టుకుంటే బతికినట్టే.

"అమ్మగోరూ, డిటెట్టివు బాబు ఉన్నారేటి?"

వచ్చినది పెరుగు గున్నమ్మ. ఊళ్ళో ఆమెని ఎరగనివాళ్ళు లేరు. రోజూ నెత్తిన దొంతిగా కుండలు పెట్టుకుని, చేతులు వదిలేసి, మాట్లాడుకుంటూ నడిచిపోయే మనిషి. ఇవాళ నెత్తి ఖాళీగా ఉంది. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు ఎండింది. కొంగు కింద ఏదో గట్టిగా పట్టుకుంది. వర్ధనమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి ఆమెని లోపలికి తీసుకొచ్చింది.

సోమసుందరం కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని గదిలోంచి వచ్చాడు. "కూర్చో గున్నమ్మా. మొదట్నుంచీ చెప్పు."

"సెప్పడానికేటుంది బాబూ. ప్లీడరు నారాయణమూర్తిగోరింట్లో శనివారం బోజనాలకి పెరుగు నానే పోసినాను. తిన్నోళ్ళందరికీ ఆదివారం తెల్లారగట్ల నుండి కడుపులో నొప్పి, ఇరోచనాలు. తెలుగు మేస్టారు ఆసుపత్రిలో ఉన్నారు, కళ్ళు తెరవనేదంట. ఈ పొద్దున్న సానిటరీ ఇన్‌స్పెట్టరుగోరు బంట్రోతుల్ని ఎంటేసుకొచ్చి నా కుండలన్నీ ఈదిలో ఇరగ్గొట్టించీసినారు. వచ్చే శుక్రవారం మేజిస్ట్రేటుగోరి ముందు నిలబెడతారంట. నర్సీపట్నంలో మరి పెరుగమ్మకుండా సేస్తారంట. మేస్టారికేటైనా అయితే జైలేనంట."

"భయంగా ఉందా?"

"బయమే. తప్పు సెయ్యనేదు గనక కోపం ఇంకా ఎక్కువున్నాది."

సోమసుందరం నవ్వాడు. అతనికి నచ్చే జవాబు అది. గున్నమ్మ కొంగు తీసి చిన్న ముంత బయటపెట్టింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. బంట్రోతు దీన్నీ లాక్కోబోతే పెనుగులాడి తెచ్చిందట. మోచేతి గీత అప్పటిదే. "మా అత్తకి ఆళ్ళత్త ఇచ్చిన తోడు బాబూ ఇది. కుండలు మళ్ళీ కొనుక్కుంటాను. ఇది పోతే ఎవరిస్తారు నాకు?"

"ఇది నా దగ్గర ఉంటుంది. ఇన్‌స్పెక్టరు కాదు, వాళ్ళ దొర వచ్చినా ఇవ్వను. పెరుగు ఎప్పుడు తోడుపెట్టావు? ఎప్పుడు అందించావు?"

"శుక్రవారం మిట్టమద్దేన్నం తోడెట్టినాను. ఈ ఎండలకి నా తోడు బేగి పేరుకుంటాది. పొద్దుగూకేసరికి రాయిలాగ గట్టిపడిపోనాది. మూడు పెద్ద కుండలు. ప్లీడరుగోరి అక్కగోరు ఎంకటరత్నమ్మగోరు దగ్గరుండి వంటింటి పక్కనున్న గదిలో పెట్టించినారు. ఇంట్లో పెరుగు కూడా నీ తోడుదేనే, మా తమ్ముడి భార్య నీ దగ్గర తెచ్చిందట అనీసి మాట్టాడినారు. కూకోమంటే నానే, నేదమ్మా, ఆది ఆంధ్ర పేటలో తోడు ఇచ్చీసి పోవాలి అన్నాను."

వర్ధనమ్మ మధ్యలో అందుకుంది. "దీపాలు పెట్టే వేళకి తోడు ఇస్తావా నువ్వు? ఊళ్ళో ఎవరూ ఇవ్వరే."

"నానిస్తానమ్మగోరూ. ఆళ్ళు కూలికెళ్ళొచ్చి పాలు కాసుకునీదే ఆ ఏళకి. అడిగినోరికి నేదంటే నా తోడు సల్లగుంటాదేటి?"

"నీ మీద కక్ష ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు సోమసుందరం.

గున్నమ్మకి ఒక్కరి మీదే అనుమానం. రమణబాబు అని, కొత్తగా పాల డిపో పెట్టాడు. దొరల సీమ నుంచి డబ్బాల్లో వచ్చిన పాలపొడితో పెరుగు చేసి అమ్ముతున్నాడు. కొనేవాళ్ళు లేరు. గున్నమ్మ కుండలు మురికి కుండలని సంతలో నిలబడి మరీ చెబుతున్నాడు.

ఆమెని పంపేశాక వర్ధనమ్మ, "రమణబాబేనంటారా?" అని అడిగింది.

"ముందు ఆ పెరుగు ఎవరిదో తేలనీ వర్ధనం. ఎవరు పాడుచేశారో తర్వాత చూద్దాం."

"గున్నమ్మదే కదండీ. తనే చెప్పింది."

"తను కుండలు ఇచ్చానని చెప్పింది. జనం తిన్నది ఆ కుండల్లోదేనని ఎవరు చూశారు?"

వర్ధనమ్మకి మొగుడి దగ్గర నచ్చేదీ, ఒళ్ళు మండేదీ ఇదే. అందరూ నడిచిపోయే గుమ్మం దగ్గర ఆయన ఆగి గడియ పరీక్షిస్తాడు.

ఆ మధ్యాహ్నమే మొగుడూ పెళ్ళాలిద్దరూ ప్లీడరింటికి వెళ్ళారు. ప్లీడరు నారాయణమూర్తి వాళ్ళని హాల్లో కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. తాలూకా బోర్డు మెంబరుగా ఎన్నికైన సందర్భంలో పెట్టిన భోజనాలవి. ఆయన సంఘసంస్కర్త. మీటింగుల్లో కులభేదాలు పోవాలని గంటలకొద్దీ చెబుతాడు. ఊరు అంటరానిదని దూరం పెట్టిన ఆది ఆంధ్ర పేటలో తోడు పోసే మనిషి దగ్గర పెరుగు కొన్నానని భోజనాలకి ముందు రోజు స్నేహితులందరికీ తనే చెప్పుకున్నాడట.

"కొని ఏం బావుకున్నాను?" అన్నాడు. "ఆవిణ్ణి నమ్మినందుకు నా పరువు పోయింది. చట్టం తన పని తాను చేస్తుంది."

"కుండలు పగలగొడుతుంటే మీరు అక్కడే ఉన్నారట."

"ఉన్నాను. బోర్డు మెంబర్ని కదా, ఉండాలి."

వంటవాడు సోమయాజులు వంటింటి గడప మీద కూర్చుని, కాళ్ళు నొక్కుకుంటూ జవాబులు చెప్పాడు. తనూ ఆ పెరుగు తిన్నవాడే. మొహం పీక్కుపోయి ఉంది.

"పెరుగు ఎలా ఉంది సోమయాజులుగారూ?"

"పల్చగా ఉందండీ. గరిటెకి కాస్త తీగ సాగింది. అక్కడక్కడ బుడగలు. ఓ మాదిరి ఘాటు కూడా."

"వడ్డించేముందు ఎవరికీ చెప్పలేదే?"

"వడ్డించేవాడు రుచి చూస్తే ఎంగిలి కాదుటండీ? ఘాటు సంగతి నేను తిన్నాక తెలిసింది. అప్పటికి అందరూ తినేశారు."

"కుండల్లోంచే వడ్డించారా?"

"కుండలెక్కడివండీ? గంగాళాలు. నేను శనివారం తెల్లవారి వచ్చేసరికే పెరుగు గంగాళాల్లో ఉంది. పెద్దమ్మగారు మడి కట్టుకుని మార్చానన్నారు. కుండలు కడిగి బోర్లించి ఉన్నాయి."

"మీగడ?"

"మీగడకేమండీ, గంగాళం నిండా పరిచినట్టు ఉంది. మొదట నా గరిటె దిగాకే తెగింది."

సోమసుందరం లేచి పెరట్లోకి నడిచాడు. వర్ధనమ్మ వెనకాలే నడుస్తూ, మొగుడు మీసం కొరుక్కుంటున్నాడని గమనించింది. ఏదో దొరికిందన్నమాట. ఏం దొరికిందో అడిగితే చెప్పడు. అందుకని తనూ అడగలేదు.

పెరట్లో నుయ్యి, దానికి ఎగువన పశువుల పాక. మొన్నటి వానకి పాకలోంచి కారిన నీళ్ళు నూతి గట్టు దాకా చాలు కట్టి ఉన్నాయి. పాలేరు మత్స్యలింగం గేదెలకి గడ్డి వేస్తున్నాడు.

"కుడితి గోలెం ఇదేనా?" అన్నాడు సోమసుందరం.

"ఇదే బాబూ. గేదెలు దీన్ని వదల్నేదు శనివారం. గడ్డి మానీసి గోలెం నాకుతానే ఉన్నాయి. కుడితి తెల్లగున్నాది, పుల్లటి వాసన. ఏటి పోసినారో నాకు తెల్దు. అప్పటినుండి దాన్ని తోమనేదు."

"తోమకపోవడమే మంచిదైంది."

సోమసుందరం జేబులోంచి దూది చుట్టిన పుల్లలు తీసి, గోలెం లోపలి అంచుకి ఎండిపోయిన చారని గీకి, గాజుగొట్టంలో పెట్టి బిరడా బిగించాడు. నూతిలోంచి చేద లాగి ఒక సీసాలో నీళ్ళు పట్టాడు. మత్స్యలింగం నోరు తెరుచుకుని చూశాడు. కుడితిని భద్రంగా జేబులో పెట్టుకునే పెద్దమనిషిని అతను చూడటం అదే మొదలు.

ఈలోగా వర్ధనమ్మ వంటింటి వైపు వెళ్ళింది. వెంకటరత్నమ్మ ప్లీడరుకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముణ్ణి పెంచి, ఇల్లంతా తన చేతి మీద నడిపిన మనిషి. తడిబట్ట ఆరకుండానే మళ్ళీ నూతి దగ్గరికి వెళ్తుంది. గడప ఇవతలే నిలబెట్టి వర్ధనమ్మతో మాట్లాడింది. మాట మర్యాదగానే ఉంది. ఆమె వెనకాల పీట పక్కన చేటలో పచ్చిమిరపకాయలున్నాయి. గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. వాడిపోయి ముడతలుపడ్డాయి. ఒక్కదానికీ తొడిమ లేదు.

కూరలో వెయ్యని మిరపకాయలకి తొడిమలు ఎవరు తీస్తారు అనుకుంది వర్ధనమ్మ. ఇంటికి వెళ్ళాక ఆ మాట మొగుడితో అంటే, ఆయన చేతిలో పని ఆపి ఆమె వైపు తిరిగాడు.

"తొడిమలతో ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు. పారేస్తారు." అని ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, "ఉండండి. రేపు సాయంత్రం నేనొకసారి ఆ ఇంటికి వెళ్ళొస్తాను. ఎందుకని అడక్కండి. మీరొక్కరేనా దాచుకునేది?" అంది.

మర్నాడు సరిగ్గా దీపాలు పెట్టాక వర్ధనమ్మ చిన్న గిన్నె పట్టుకుని ప్లీడరుగారి పెరటి గుమ్మం దగ్గర నిలబడింది. "పిన్నిగారూ, కాస్త తోడు పెడతారా? పాలు కాచుకున్నాను, ఇంట్లో చుక్క పెరుగు లేదు."

వెంకటరత్నమ్మ మొహం చిట్లించింది. "దీపాలు పెట్టాక తోడు అడుగుతావేమే? ఇంట్లోంచి లక్ష్మిని గిన్నెలో పోసి ఇమ్మంటున్నావా? ఈ వేళప్పుడు నేను ఒకరికి ఇవ్వను, చచ్చినా ఒకరిని అడగను."

"మరి అవసరం పడితే ఎలాగండీ?"

"ఇంట్లో మిరపకాయలు లేవుటే? నాలుగు తొడిమలు తుంపి పాలలో పడెయ్యి. తెల్లారేసరికి అదే తోడుకుంటుంది. మీ అమ్మ నేర్పలేదూ?"

"మరిచిపోయాను పిన్నిగారూ" అంది వర్ధనమ్మ. దారంతా ఖాళీ గిన్నెని గుండెలకి అదుముకుని నడిచింది. గెలిచినందుకు సంతోషంగా ఉండాలి, కానీ ఆ పెద్దావిడ కోప్పడుతూనే దారి చెప్పినందుకు లోపల ఎక్కడో ఇబ్బందిగానూ ఉంది.

ఆ రోజుల్లో వాళ్ళ ఇల్లు ఇల్లులా లేదు. ఒక చెక్కపెట్టెలో హరికేను లాంతరు పెట్టి, పక్కనే థర్మామీటరు వేలాడదీసి, వేడి దిగకుండా వంతులవారీగా వత్తి సరిచేశారు. ఇంకో పెట్టె మామూలు వేడిలో ఉంచారు. చైనాగడ్డి జావ గాజుపళ్ళేల్లో పోసి గడ్డకట్టించడం వర్ధనమ్మ పని. ఇన్‌స్పెక్టరు భోజనాల పెరుగుని ఒక సీసాలో సీలు వేసి ఉంచాడు. సోమసుందరం అడగ్గానే అందులో కొంచెం ఇచ్చాడు. నేరం రుజువైపోయిందని ఆయనకి అంత ధీమా.

"ఇన్ని పళ్ళేలు ఎందుకండీ?" అంది వర్ధనమ్మ. తెలుసు ఆమెకి. ఆయన చెబుతుంటే వినడం ఇష్టం.

"పెరుగులో రకరకాల సూక్ష్మజీవులు ఒకేచోట ఉంటాయి. అన్నిటికీ నచ్చే అన్నం పెడితే అన్నీ పెరిగి ఒకదాన్నొకటి కప్పేస్తాయి. మనకి కావలసిన దానికి మాత్రమే సయించే అన్నం వండాలి. ఇదిగో, ఈ పళ్ళేలో పైత్యపు ఉప్పు, అంటే జంతువుల పైత్యరసంలోంచి తీసింది, కలిపాను. పేగుల్లో బతికే రకాలే దీన్ని తట్టుకుంటాయి. పాలచక్కెర తిని పులుపు చేశాయంటే ఎర్రగా తేలతాయి. ఆ గొట్టాల్లో వెనిగరు పోశాను, వేడిపెట్టెలో పెట్టాను. అంత పులుపూ అంత వేడీ భరించేవాళ్ళు చాలా తక్కువ."

"గున్నమ్మ తోడు భరిస్తుందా?"

"చూద్దాం."

భరించింది. గున్నమ్మ ముంతలోంచి వేసిన గొట్టంలో తేట తెల్లగా మసకబారింది. దాన్ని పళ్ళెం మీద గీస్తే చిన్న ఉన్నిపోగుల్లాంటి మచ్చలు లేచాయి. మైక్రోస్కోపు కింద పొడుగాటి పుల్లలు, ఒకదాని కొసకి ఒకటి అతుక్కుని. వర్ధనమ్మ ఒంటికన్ను మూసి వాటిని చూస్తూ కూర్చుండిపోయింది. గున్నమ్మ అత్తగారి అత్తగారు వీళ్ళనే పెంచిందన్నమాట.

గురువారం మధ్యాహ్నానికల్లా పళ్ళేలన్నీ జవాబు చెప్పేశాయి. సోమసుందరం ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి పెట్టి రెండోసారి, మూడోసారి చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని, "అందరినీ ప్లీడరుగారి హాలుకి రమ్మని కబురు పెట్టు" అన్నాడు.

సాయంత్రం ఎండ ఉండగానే అందరూ చేరారు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో, ప్లీడరు పడకకుర్చీలో. రమణబాబు తెల్ల కోటు వేసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సోమయాజులు, మత్స్యలింగం గోడవార. వెంకటరత్నమ్మ లోపలి గడప అవతల పీట మీద. గున్నమ్మని అరుగు మీద కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు, లోపలికి వచ్చి నిలబడింది. తలుపులు తెరిచే ఉన్నాయి. ఏదో తేలుతుందట అని వీధిలో జనం మూగారు.

"నేను రేపు కోర్టులో చెప్పాల్సింది ఇవాళే చెబుతున్నాను" అన్నాడు సోమసుందరం. "మేజిస్ట్రేటు ముందుకి ఒక నిరపరాధిని లాగకుండా ఉండడానికి. మొదటి సంగతి. తోడుకున్న పెరుగుని కుండలోంచి గంగాళంలోకి వంచితే మీగడ ఏమవుతుంది సోమయాజులుగారూ?"

"చెదిరిపోతుందండీ. ముక్కలైపోతుంది." ఆ మాట అన్నాక వంటవాడి నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"మీరు చూసిన మీగడ చెక్కుచెదరలేదు. అంటే ఆ పెరుగు గంగాళంలోకి మారలేదు. గంగాళంలోనే తోడుకుంది. ఈ ఇంట్లో, శుక్రవారం రాత్రి. రమణబాబుగారూ, మీరిక కుర్చీలో కూర్చోవచ్చు. మీ పొడి గొప్పదో కాదో గానీ, ఈ వంటింట్లోకి మీరు రాలేదు."

రమణబాబు కూర్చోలేదు కానీ ఊపిరి వదిలాడు.

ఇన్‌స్పెక్టరు అడ్డుతగిలాడు. "మీగడ సాక్ష్యం కోర్టులో నిలవదండీ."

"అందుకే ఇవి తెచ్చాను." సోమసుందరం బల్లమీద గుడ్డ తీశాడు. గాజుపళ్ళేలు, గొట్టాలు. "మీరు సీలు వేసిన పెరుగు ఇది. పైత్యపు ఉప్పు పళ్ళెంలో ఎర్రటి మచ్చలు చూడండి. పేడలోనూ మలంలోనూ ఉండే రకం. పాలలో పడితే బుడగలు పుట్టిస్తుంది. ఇది గున్నమ్మ ముంతలోది, ఒక్క ఎర్ర మచ్చ లేదు. ఇది ఈ ఇంటి నూతి నీళ్ళది. లెక్కపెట్టడానికి కూడా సందు లేదు."

"ఆవిడ మా నూతి నీళ్ళు కలిపిందేమో" అన్నాడు ప్లీడరు.

"రెండో వరస చూడండి. పులుపూ వేడీ పెట్టిన గొట్టాలివి. గున్నమ్మ తోడులో పుల్లల రకం ఒకటుంది. ఆ పులుపులో అది హాయిగా పెరిగింది. జనం తిన్న పెరుగులో ఆ పుల్ల ఒక్కటీ లేదు. ఎన్నిసార్లు వేసినా లేదు. నీళ్ళు కలిపితే పుల్లలు పల్చబడేవి, మాయం కావు. ఆ పెరుగులో గున్నమ్మ తోడు చుక్క కూడా పడలేదు."

"నిలవుంటే చచ్చిపోయాయేమో" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అడిగే తీరు మాత్రం మారింది. ముందుకి వంగి గొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

"పులుపుకి అన్నిటికంటే ఆఖర్న చచ్చేవి అవి. పోనీ, ఈ గొట్టం చూడండి. అదే పుల్ల, అదే ఉన్నిపోగు, పాలు పోస్తే అంతే త్వరగా గడ్డకట్టింది. ఇది ఎక్కడిదో తెలుసా? ఈ ఇంటి కుడితి గోలెం అంచుది. మా పక్కింటి గోలెమూ, రమణబాబుగారి గోలెమూ కూడా గీకి చూశాను. వాటిలో ఈ పుల్ల లేదు. గున్నమ్మ మూడు కుండల పెరుగూ ఎక్కడికి పోయిందో గేదెలకి శనివారమే తెలుసు."

మత్స్యలింగం తల గట్టిగా ఊపాడు. సోమసుందరం గొంతు తగ్గించి లోపలి గడప వైపు తిరిగాడు.

"పిన్నిగారూ, గున్నమ్మ తోడు ఆది ఆంధ్ర పేటకి వెళ్తుందని శుక్రవారం సాయంత్రమే మీకు తెలిసింది. ఇంట్లో ఉన్న పెరుగూ ఆ తోడుదే. అంతా గోలెంలో పోసేశారు. ఇంటి పాలు కాచారు. అందరికీ చాలవు. మడితో తోడిన నూతి నీళ్ళు కలిపి చల్లార్చారు. కాచిన పాలలో కాచని నీళ్ళు. దీపాలు పెట్టాక మీరు ఎవరినీ తోడు అడగరు. అడిగితే ఇచ్చే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది, ఆమెని అసలే అడగరు. మిరపతొడిమలు వేశారు. మంచి తోడు పడితే పెరుగు త్వరగా పులిసి చెడ్డవాటిని అణిచేస్తుంది. తొడిమలు రాత్రంతా తీసుకున్నాయి. ఆ రాత్రంతా నూతిలోంచి వచ్చినవి వెచ్చటి పాలలో పెరిగాయి."

వెంకటరత్నమ్మ పీట మీంచి లేచింది. "నా మడి పెరుగు మనుషుల్ని చంపబోయిందంటావా?"

"అంటాను. పళ్ళెం మీ కళ్ళముందే ఉంది."

ఆమె గడప దాకా వచ్చి ఆ ఎర్రమచ్చల వైపు చూసింది. "ఆ కుండలు ఇంట్లోకి వచ్చిన పాపం వల్లే జరిగిందనుకున్నాను" అంది. "కడిగినా పోలేదు కాబోలు అనుకున్నాను. నా చేతిదని అనుకోలేదు."

నారాయణమూర్తి ఒక్క ఉదుటున లేచి వీధి తలుపు మూయబోయాడు. సోమసుందరం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"పంతులూ, మనం చదువుకున్నవాళ్ళం" అన్నాడు ప్లీడరు గొంతు తగ్గించి. "మేస్టారు కూడా ఇవాళ జావ తాగారట, గండం గడిచింది. ఇన్‌స్పెక్టరుగారు కేసు ఎత్తేస్తారు. గున్నమ్మకి కొత్త కుండలు నేను కొనిపెడతాను. ఈ మాట ఈ గది దాటక్కర్లేదు."

"రిపోర్టులో రాయవద్దని నాకు ఇదివరకు ఒక దొర కూడా చెప్పాడు ప్లీడరుగారూ. ఆయన మీకంటే చాలా పెద్దవాడు."

వర్ధనమ్మకి కళ్ళు చెమర్చాయి. ఈ మొండితనం వల్లే కదా జీతం పోయిందీ, మద్రాసు పోయిందీ. పోతే పోయింది, ఈ పూటకి అదంతా గిట్టుబాటైపోయింది అనిపించింది.

"నా కుండలు ఈదిలో ఇరగ్గొట్టినారు" అంది గున్నమ్మ. "నా పెరుగు మంచిదని మీరిక్కడ గదిలో సెప్పుకుంటే నాకేటొచ్చింది? ఆ ఈదిలోనే సెప్పాల."

"అక్కయ్యని వీధిలోకి రమ్మంటావా?" అన్నాడు ప్లీడరు.

"తప్పుకో నారాయణా" అంది వెంకటరత్నమ్మ.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, హాలు దాటి అరుగు మీదికి వెళ్ళింది. పగలు ఆమె ఆ అరుగు ఎక్కి నిలబడగా ఊరు ఎప్పుడూ చూడలేదు. జనం గుసగుసలు మానేశారు.

"శనివారం పెరుగు నేను తోడుపెట్టాను" అంది. ఒక్కొక్క మాటా అందరికీ వినబడింది. "గున్నమ్మ పెరుగు నేను గేదెలకి పోయించాను. మీరు తిన్నది నాది. పాడైంది నాది. మాట పడాల్సింది నేను, అది కాదు." తర్వాత గున్నమ్మ వైపు తిరిగింది. "నా మడి నేను వదలను. అది నీకు ముందే చెబుతున్నాను. కానీ నా తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టుకుని బతకలేను."

గున్నమ్మ రెండు చేతులూ ఎత్తి ఆమెకి దండం పెట్టింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, పొద్దున్నే నూతికి మూతవేయిస్తాననీ, శుక్రవారం తనే మేజిస్ట్రేటు ముందు ఈ సంగతి చెబుతాననీ అరుగు మీద నుంచే గట్టిగా అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

జనాన్ని చూడగానే నారాయణమూర్తికి ప్రాణం లేచివచ్చింది. రెండంగల్లో అరుగు మీదికి వచ్చి, మీటింగులో నిలబడినట్టు చెయ్యి ఎత్తాడు. "సోదరులారా, న్యాయం గెలిచింది. రేపటి నుంచి మా ఇంటికి ప్రతిరోజూ గున్నమ్మ పెరుగే వస్తుందని ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను."

"రాదు బాబూ" అంది గున్నమ్మ.

ప్లీడరు చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "ఏమిటీ?"

"రాదు. ఊరందరికీ పోస్తాను. మీ ఇంటికి పొయ్యను."

"నిజం తేలింది కదా. అక్కయ్య ఒప్పుకుంది కదా. ఇంకా ఎందుకే కోపం?"

"పెద్దమ్మగోరికి నా పెరుగు అక్కర్నేదు, ఒంపీసినారు. తరవాత ఈదిలోకొచ్చి నిజం సెప్పినారు. ఆరి మీద నాకు కోపం నేదు. మీరు నా పెరుగు కొన్నారు, పదిమందికీ సెప్పుకున్నారు. నా కుండలు ఇరగ్గొడతంటే మీరు ఎదురుగా నిలబడి సూసినారు. ఒక్క మాట అననేదు." గున్నమ్మ కొంగు నడుముకి దోపుకుంది. "నాను తినీవోళ్ళకి అమ్ముకుంటాను బాబూ. సూపించుకునీవోళ్ళకి కాదు."

ఆమె అరుగు దిగింది. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. వర్ధనమ్మ కూడా మొగుడి కోసం ఆగకుండా ఆమె వెనకే దిగి నడిచింది.